రాగిని సజల ఆమ్లంలో వేస్తే మైలుతుత్తం రాదు

సంపాదకులకు,

మీ విద్యార్థుల పేజీలో పదో తరగతి ‘ఆమ్లాలు, క్షారాలు, లవణాలు’ పాఠానికి ఇచ్చిన నమూనా జవాబుల్లో ఒకదాన్ని సరిదిద్ది మళ్ళీ వేయాలని కోరుతున్నాం. రాగి ముక్కలను సజల సల్ఫ్యూరిక్ ఆమ్లంలో వేస్తే హైడ్రోజన్ వెలువడి కాపర్ సల్ఫేట్ ద్రావణం మిగులుతుందని అందులో ఉంది. అలా జరగదు. జవాబు రాసిన వారు జింకు ప్రయోగాన్ని తీసుకుని జింకు ఉన్న చోటల్లా రాగి అని మార్చినట్టుంది. పరీక్షలో ఒక మార్కు పోవడంతో ఇది ఆగితే ఉత్తరం రాసేవాళ్ళం కాదు. మన అనంతపురం జిల్లాలో చీనీ (బత్తాయి), దానిమ్మ తోటలున్న ప్రతి ఊళ్ళో మైలుతుత్తం, అంటే ఈ కాపర్ సల్ఫేటే, వాడతారు. మోటారు వైండింగ్ రాగి తీగతో, సజల సల్ఫ్యూరిక్ ఆమ్లమే అయిన బ్యాటరీ యాసిడ్‌తో దాన్ని ఇంట్లోనే చేసుకోవచ్చని చెప్పే వీడియోలు ఫోన్లలో తిరుగుతున్నాయి. పేపర్లో కూడా అదే కనబడితే నమ్మేవాళ్ళు పెరుగుతారు.

చీనీ తోటకు వాడే రెండు లవణాలను పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తేలిపోతుంది. ఒకటి జింకు సల్ఫేట్, రెండోది మైలుతుత్తం. జింకు ముక్కను సజల ఆమ్లంలో వేయగానే బుడగలు లేస్తాయి, లోహం కరుగుతుంది, ఆ ద్రావణాన్ని మరిగించి చల్లారిస్తే జింకు సల్ఫేట్ స్ఫటికాలు వస్తాయి. జింకు తన ఎలక్ట్రాన్లను ఆమ్లంలోని హైడ్రోజన్ అయాన్లకు సులువుగా ఇచ్చేస్తుంది కాబట్టి ఇదంతా జరుగుతుంది. రాగి ఇవ్వదు. లోహాలను చురుకుదనం వరుసలో పేర్చిన చర్యాశీలత శ్రేణిలో రాగి హైడ్రోజన్‌కు కింద ఉందంటే అర్థం ఇదే. జరిగితే తలకిందులుగా జరుగుతుంది: వేడి కాపర్ ఆక్సైడ్ మీదుగా హైడ్రోజన్ వాయువును పంపితే ఆక్సిజన్‌ను హైడ్రోజన్ లాక్కుని రాగిని బయటపడేస్తుంది. శుభ్రమైన రాగి ముక్కను సజల సల్ఫ్యూరిక్ ఆమ్లంలో గానీ, సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో గానీ వేసి చూడండి. ఎంత వేడి చేసినా బుడగ లేవదు.

‘మేం వేశాం, నీలం రంగు వచ్చింది’ అనేవాళ్ళు ఉంటారు. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. వైండింగ్ తీగ మీది ఎనామిల్ పోవాలని మంటలో కాలుస్తారు. అప్పుడు రాగి మీద ఆక్సైడ్ పొర పడుతుంది. ఆమ్లంలో కరిగేది ఆ పొర మాత్రమే. అయిదు నిమిషాల్లో ద్రావణం లేత నీలం అవుతుంది, తీగ ఎర్రగా మెరుస్తుంది, ఆ తర్వాత కదలిక ఉండదు. యాసిడ్ చాలలేదేమోనని ఇంకాస్త పోస్తారు, మంట పెంచుతారు. పోసిందంతా వృథా. బుడగలు కూడా చూశామని ఎవరైనా అంటే తీగల మధ్య ఇనుప మేకో, జింకు పూత ఉన్న ముక్కో కలిసిందనుకోవాలి.

రాగి చెంబును చింతపండుతో తోమే ప్రతి ఇంట్లో జరిగేదీ ఇదే. చింతపండు పులుపు రాగిని తినదు, దాని మీది నల్లటి ఆక్సైడునూ, పచ్చటి చిలుమునూ కరిగించి కింది లోహాన్ని బయటపెడుతుంది. మరి కళాయి పోయిన రాగి గిన్నెలో పులుసు నిలవ ఉంచితే ఎందుకు చెడుతుందని అడగవచ్చు. అక్కడ గాలి ఉంది. గాలిలోని ఆక్సిజన్ రాగిని కొద్దికొద్దిగా ఆక్సైడుగా మారుస్తుంటే పులుపు దాన్ని ఎప్పటికప్పుడు కరిగిస్తుంటుంది. రాగి లవణం చేయడానికి ఉన్న దారులన్నీ ఇక్కడి నుంచే మొదలవుతాయి: ముందు రాగి ఆక్సీకరణం చెందాలి, ఆ తర్వాతే ఆమ్లం పని.

బడి ప్రయోగశాలకు సరైన పద్ధతి నల్లటి కాపర్ ఆక్సైడ్‌తో మొదలుపెట్టడం. సజల ఆమ్లం లీటరుకు ఒక మోల్ (98 గ్రాముల స్వచ్ఛమైన సల్ఫ్యూరిక్ ఆమ్లం) గాఢతలో ఉంటే చాలు. 98 శాతం గాఢ ఆమ్లం నుంచి చేయాలంటే 55 మి.లీ. ఆమ్లాన్ని ముప్పాతిక లీటరు నీళ్ళలోకి సన్నటి ధారగా కలుపుతూ పోసి, చల్లారాక లీటరుకు నింపాలి. ఆమ్లాన్ని నీళ్ళలోకే పోయాలి, నీళ్ళను ఆమ్లంలోకి పోయకూడదు. పోస్తే పైన పడిన నీళ్ళు అక్కడికక్కడే మరిగి ఆమ్లంతో సహా ముఖం మీదికి చిందుతాయి. పిల్లలున్న చోట గాఢ ఆమ్లం సీసా తెరవడం ఇష్టం లేని బళ్ళకు 1.25 సాంద్రత ఉన్న బ్యాటరీ యాసిడ్ మేలు. అందులో లీటరుకు నాలుగు మోల్‌ల పైచిలుకు ఉంటుంది కాబట్టి 115 మి.లీ. తీసుకుని నీళ్ళలో పోసి మొత్తం అర లీటరు చేస్తే సరిపోతుంది. వాడిన బ్యాటరీ నుంచి వంపిన యాసిడ్ మాత్రం వద్దు, అందులో సీసం ఉంటుంది.

ఈ ఆమ్లం 50 మి.లీ. బీకరులో పోసి 60, 70 డిగ్రీల దాకా వేడి చేయాలి. మరగనివ్వకూడదు, మరిగితే ఆమ్లం తుంపరలు లేస్తాయి. లెక్క ప్రకారం ఇంత ఆమ్లానికి 4 గ్రాముల ఆక్సైడ్ పడుతుంది. 5 గ్రాములు తూచి పెట్టుకుని, చెంచా కొసతో కొంచెం వేయడం, గాజుకడ్డీతో కలపడం, నలుపు కరిగాక మళ్ళీ వేయడం, ఇలా సాగాలి. మొదటి చిటికెలు క్షణాల్లో మాయమవుతాయి. ఆమ్లం తరిగేకొద్దీ ఆలస్యమవుతుంది. చివరికి నాలుగైదు నిమిషాలు కలిపినా నల్ల పొడి అడుగున మిగిలిపోతే ఆమ్లం అయిపోయినట్టు. ఈ మిగులు కోసమే ఒక గ్రాము ఎక్కువ తీసుకున్నాం. కరగని ఆక్సైడును వడపోత కాగితం ఆపేస్తుంది, కానీ మిగిలిపోయిన ఆమ్లాన్ని ఏ కాగితమూ ఆపలేదు. పైగా ద్రావణాన్ని మరిగించినప్పుడు నీళ్ళు ఆవిరై పోతాయి, సల్ఫ్యూరిక్ ఆమ్లం పోదు, చిక్కబడుతుంది. అప్పుడు వచ్చే స్ఫటికాలు జిగటగా ఉండి చేతికి మంట పుట్టిస్తాయి. ఆమ్లం మరీ చిక్కబడితే స్ఫటికాల్లో ఇమిడి ఉండే నీటిని (స్ఫటిక జలాన్ని) కూడా లాగేసుకుని వాటిని తెల్లబరుస్తుంది.

వేడి మీదే వడపోయాలి. వచ్చిన నీలి ద్రావణంలో సజల ఆమ్లం రెండే రెండు చుక్కలు వేయాలి. మిగులు ఆమ్లం ఉండకూడదని ఇప్పుడే చెప్పి మళ్ళీ వేయమంటారేమని పిల్లలు అడుగుతారు, అడగాలి కూడా. బొత్తిగా ఆమ్లం లేని కాపర్ సల్ఫేట్ ద్రావణాన్ని వేడి చేస్తే కొంత లవణం నీటితో చర్య జరిపి లేతపచ్చ క్షార లవణంగా విడిపోతుంది, ద్రావణం మసకబారుతుంది. ఆ రెండు చుక్కలు దాన్ని ఆపుతాయి. స్ఫటికాలను చెడగొట్టేంత ఆమ్లం కాదది.

తర్వాత పింగాణీ గిన్నెలో పోసి, మరుగుతున్న నీళ్ళ బీకరు మీద పెట్టి ద్రావణం 20 మి.లీ. అయ్యేదాకా ఇగిరించాలి. గాజుకడ్డీని ముంచి బయటికి తీసి ఊదితే కొసన సన్నటి స్ఫటికాలు కట్టాలి. అదే గుర్తు, వెంటనే దించేయాలి. ఎక్కువమంది చెడగొట్టేది ఇక్కడే. పూర్తిగా ఇగిరిపోనిస్తే గిన్నెకు అంటుకున్న లేత నీలం, తెలుపు పొడి మిగులుతుంది. అది స్ఫటిక జలం పోయిన కాపర్ సల్ఫేట్. పైన పళ్ళెం మూసి కదపకుండా ఒక రాత్రి ఉంచితే పలకలు తేరిన ముదురు నీలం స్ఫటికాలు వస్తాయి. తొందరపడి చన్నీళ్ళలో పెట్టి చల్లారిస్తే ఇసుకలాంటి చిన్న గింజలు వస్తాయి. లవణం అదే, చూడ్డానికే తేడా.

50 మి.లీ. ఆమ్లానికి లెక్క ప్రకారం 12.5 గ్రాముల స్ఫటికాలు రావాలి. మొదటి విడతలో సగం వస్తే బాగా చేసినట్టే. మామూలు వేడిమిలో నీళ్ళు తమ బరువులో మూడో వంతుకు పైగా ఈ లవణాన్ని కరిగించి పట్టుకుంటాయి కాబట్టి మిగతాది గిన్నెలోని ద్రావణంలోనే ఉంటుంది. దాన్ని పారబోయకుండా మళ్ళీ కొంచెం ఇగిరిస్తే రెండో విడత వస్తుంది. ఏప్రిల్‌లో గది 40 డిగ్రీలుంటే మొదటి విడత ఇంకా తగ్గుతుంది, ఈ ప్రయోగానికి మన ఊళ్ళలో డిసెంబరు, జనవరి నెలలు మంచివి. స్ఫటికాలను వడపోత కాగితాల మధ్య అద్ది నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే మన పొడి గాలికి పైన తెల్లటి పొర వస్తుంది. ఓవెన్‌లో అయితే మరీ త్వరగా.

వడపోశాక కాగితం మీద నలుపుకు బదులు ఎర్రటి పొడి కనబడితే తీసుకున్న ఆక్సైడ్‌లో ఎర్ర ఆక్సైడ్ కలిసి ఉందని అర్థం. అది సజల సల్ఫ్యూరిక్ ఆమ్లంలో సగమే కరుగుతుంది. అందులోని రాగిలో సగం సల్ఫేట్ అవుతుంది, సగం లోహపు రాగిగానే అడుగున పడుతుంది. రాగి రేకును మంటలో కాల్చి గీకిన పెచ్చుల్లో పైన నలుపూ లోపల ఎరుపూ రెండూ ఉంటాయి కాబట్టి వాటితో చేసినవాళ్ళకు ఇది తప్పదు. కొన్న నల్ల ఆక్సైడే నయం.

పచ్చటి కాపర్ కార్బొనేట్ అందుబాటులో ఉంటే పని ఇంకా తేలిక. వేడి అక్కర్లేదు, 50 మి.లీ. ఆమ్లానికి 5.5 గ్రాములు పడుతుంది, ఒక గ్రాము ఎక్కువ తీసుకుంటే చాలు. నురగ పొంగుతుంది కాబట్టి పెద్ద బీకరు తీసుకోవాలి. పిల్లలు ఈ నురగను చూసి హైడ్రోజన్ అని రాస్తారు. వెలువడేది కార్బన్ డయాక్సైడ్, సున్నపు తేటలోకి పంపితే పాలలా మారి తెలిసిపోతుంది.

ఇక రాగి లోహం నుంచే మొదలుపెట్టాలనుకునే వారి సంగతి. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని బాగా వేడి చేస్తే రాగి కరుగుతుంది, నిజమే. అప్పుడు కూడా హైడ్రోజన్ రాదు. ఆమ్లమే ఆక్సీకారిణిగా పనిచేసి సల్ఫర్ డయాక్సైడ్‌గా మారుతుంది. 6.35 గ్రాముల రాగికి 19.6 గ్రాముల ఆమ్లం ఖర్చవుతుంది, అందులో సగం 6.4 గ్రాముల సల్ఫర్ డయాక్సైడ్‌గా గాల్లో కలుస్తుంది. మూసిన గదిలో ఉబ్బసం ఉన్నవారికి అందులో పదో వంతు కూడా ప్రమాదమే. పాత్రలో మిగిలేది నీలి ద్రావణం కూడా కాదు, బూడిద రంగు ముద్ద. నీళ్ళు లేవు కాబట్టి సల్ఫేట్ తెల్లగా ఉంటుంది, దాంతో పాటు నల్లటి కాపర్ సల్ఫైడ్ మరకలు. ఆ ముద్ద వేడిగా ఉండగానే నీళ్ళు పోస్తే ఏమవుతుందో పైన చెప్పాం. పూర్తిగా చల్లారనిచ్చి, దాన్నే కొంచెం కొంచెంగా నీళ్ళలోకి వంపాలి. పొగలు లాగే ఫ్యూమ్ హుడ్ లేని బళ్ళు ఈ పద్ధతి జోలికే పోకూడదు.

నైట్రిక్ ఆమ్లం రాగిని వేడి చేయకుండానే కరిగిస్తుంది. గాఢమైతే ఎర్రగోధుమ రంగు నైట్రోజన్ డయాక్సైడ్ వస్తుంది. సజలమైతే రంగులేని నైట్రిక్ ఆక్సైడ్ వస్తుంది, అది గాలి తగలగానే అదే గోధుమ రంగు వాయువవుతుంది. ఈ వాయువుతో ఉన్న చిక్కు, పీల్చినప్పుడు కాస్త దగ్గు వచ్చి తగ్గినట్టే ఉండటం. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం గంటల తర్వాత మొదలవుతుంది. బంగారాన్ని శుద్ధి చేయడానికి ప్రొద్దుటూరు లాంటి చోట్ల కంసాలులు వాడేదీ నైట్రిక్ ఆమ్లమే, అది వెండినీ రాగినీ కరిగించి బంగారాన్ని వదిలేస్తుంది. ఆ ద్రావణంలో రాగి రేకు వేలాడదీస్తే వెండి బయటపడి, నీలి ద్రావణం మిగులుతుంది. నీలంగా ఉంది కదా అని దాన్ని మైలుతుత్తం అనుకుంటే పొరపాటు. అది కాపర్ నైట్రేట్. ఇగిరించినా సరిగా గట్టిపడదు, గాలిలోని తేమను పీల్చి కారిపోతుంది. అందులో కరిగిన వెండి కూడా కొంత ఉండవచ్చు. పంటకు వాడదగింది కాదు.

లోహం నుంచే చేసి చూపించాలన్న ఉపాధ్యాయులకు మా సలహా హైడ్రోజన్ పెరాక్సైడ్. మందుల షాపులో దొరికే 6 శాతం ద్రావణం చాలు. 3.2 గ్రాముల రాగి తురుము, 50 మి.లీ. ఒక మోల్ ఆమ్లం తీసుకుని, పెరాక్సైడును అయిదేసి మి.లీ. చొప్పున వేస్తూ పోవాలి. లెక్కకు 28 మి.లీ. చాలు గానీ రాగి అయాన్లు పెరాక్సైడును నీళ్ళు, ఆక్సిజన్‌గా విడగొట్టేస్తుంటాయి కాబట్టి 50 నుంచి 60 మి.లీ. దాకా పట్టవచ్చు. ఒకేసారి పోస్తే ద్రావణం వేడెక్కి పొంగుతుంది, పెరాక్సైడ్ రాగి దాకా చేరకుండానే వృథా అవుతుంది. బీకరును చన్నీళ్ళ పళ్ళెంలో ఉంచాలి. దేనితోనూ మూత బిగించకూడదు, ఆక్సిజన్ ఒత్తిడికి సీసా పగులుతుంది. విషవాయువేదీ రాదు. చివర కొంత రాగి కరగకుండా మిగిలితే మంచిదే, ఆమ్లం అయిపోయినట్టు. ఫ్యాక్టరీల్లో పెరాక్సైడుకు బదులు గాలినే వాడతారు: గోపురంలాంటి తొట్టిలో రాగి గుండ్లు నింపి, పై నుంచి వేడి సజల ఆమ్లం కారుస్తూ, కింద నుంచి గాలి ఊదుతారు. పులుసు గిన్నెలో జరిగేదే, వేగం పెంచి చేస్తారు.

రైతులకు ఇందులో లాభముందా అంటే లేదనే చెబుతాం. కిలో మైలుతుత్తంలో 254 గ్రాముల రాగి ఉంటుంది, దానికి 392 గ్రాముల స్వచ్ఛమైన సల్ఫ్యూరిక్ ఆమ్లం కావాలి. గాఢ ఆమ్లం పద్ధతిలో అయితే అంతకు రెట్టింపు. పాత సామాన్ల కొట్టులో రాగి రేటు, యాసిడ్ రేటు, గ్యాసు ఖర్చు వేసుకుని, ఎరువుల దుకాణంలో కిలో ధరతో పోల్చి చూడండి. పైగా వైండింగ్ తీగతో పాటు టంకంలోని సీసం, ఇత్తడిలోని జింకు కూడా వస్తాయి.

రైతు చేయవలసింది కొన్నది అసలుదో కాదో చూసుకోవడం. మైలుతుత్తంలో చవకైన అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్ అనే ఇనుప లవణం) కలిపితే కంటికి వెంటనే తెలియదు, కాస్త పచ్చదనం తగులుతుందంతే. చిటికెడు పొడిని గ్లాసులో కరిగించి అమ్మోనియా ద్రావణం చుక్కలు చుక్కలుగా వేయాలి. మొదట లేత నీలం తెట్టు వస్తుంది. ఇంకా వేస్తే అది కరిగిపోయి ముదురు నీలం తేట మిగలాలి. మురికి పచ్చ తెట్టు కరగకుండా ఉండి కాసేపటికి గోధుమ రంగుకు తిరిగితే అది అన్నభేదిలోని ఇనుము.

శిలీంధ్ర తెగుళ్ళకు కొట్టే ఒక శాతం బోర్డో మిశ్రమానికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 100 లీటర్ల నీళ్ళు అన్నది అందరికీ తెలిసిందే. చీనీ మొదళ్ళకు బంక తెగులు కోసం పూసే పేస్టుకైతే అంతే సరుకుకు 10 లీటర్లు. అయితే మైలుతుత్తాన్ని ఇనుప డ్రమ్ములో కరిగించేవాళ్ళు ఇంకా ఉన్నారు. రాగి కంటే ఇనుము చురుకైనది కాబట్టి ఇనుము కరిగి రాగి డ్రమ్ముకు పూత పడుతుంది. మందు తొట్టి గోడకే పోయినట్టు. ప్లాస్టిక్ డ్రమ్ములు వాడాలి, మైలుతుత్తం నీళ్ళను సున్నపు నీళ్ళలోకి పోయాలి. కలిపాక మెరిసే చాకును అందులో ఒక నిమిషం ముంచి తీసినప్పుడు ఎర్రటి పూత పడితే సున్నం చాలలేదని. అలాగే కొడితే లేత ఆకులు మాడతాయి. చాకు మెరుస్తూనే వచ్చేదాకా సున్నపు తేట కలపాలి. కలిపింది ఆ రోజే కొట్టేయాలి.

ప్రయోగశాలలో మిగిలిన నీలి ద్రావణాలను సింకులో పోయడం చాలా బళ్ళలో అలవాటు. రాగి చేపలకు, నీటి నాచుకు విషం. అన్ని తరగతుల మిగులునూ ఒక ప్లాస్టిక్ బకెట్‌లో పోసి, పనికిరాని మేకులు, ఇనుప తురుము వేసి రెండు రోజులు వదిలేస్తే రాగి ఎర్రటి పొడిగా అడుగున చేరుతుంది, పైన లేతపచ్చ ద్రావణం ఉంటుంది. దాన్ని వేరే బకెట్‌లోకి వంచి, ఎర్ర లిట్మస్ నీలమయ్యేదాకా సున్నం కలపాలి. తెట్టు పేరుకున్నాక పైనీళ్ళు పారబోయవచ్చు. అడుగున మిగిలిన రాగి పొడిని కడిగి ఆరబెడితే వచ్చే ఏడు పెరాక్సైడ్ ప్రయోగానికి తురుము కొనే పని ఉండదు.

ఇట్లు,
రసాయన శాస్త్ర అధ్యాపకులు కొందరు,
అనంతపురం